ఏ బస్సుకు, ఎన్ని గంటలకు

ఆదివారం మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చే అదృష్టం నాకు లేదు. చర్చి నుంచి ఇంటికి వచ్చి, చల్లారిన అన్నంలో ఇంత పప్పు కలుపుకుని తిని, మళ్లీ చెప్పులు వేసుకుని ప్రొద్దుటూరు బస్టాండుకు పోవాలి. మోకాళ్లు వద్దంటాయి. వాటి మాట వినేవాళ్లు ఎవరు? మా చర్చి సొసైటీ సెక్రటరీ కృపావరం గారు మూడు ఊళ్లలో ఇంగ్లీషు సంభాషణ క్లబ్బులు పెట్టించి, తిరిగి చూసి వచ్చే పని నా నెత్తిన వేశారు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి చెప్పి రిటైరైంది కదా, ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేస్తుందిలే అనుకున్నారు. ఆయన మాత్రం ఫ్యాను కింద కూర్చుని, ఈ వారం క్లబ్బు ఎలా జరిగింది దేవకుమారి గారూ అని అడుగుతారు.

ప్రొద్దుటూరు క్లబ్బు ఒక బట్టల అంగడి మిద్దె మీద. అంగళ్ల వాళ్ల పిల్లలు వస్తారు, ఇంగ్లీషు కంటే ఒకరి చొక్కా ఒకరు చూసుకోవడం ఎక్కువ. పులివెందుల క్లబ్బు ట్యుటోరియల్ వాళ్ల రేకుల షెడ్డులో. చీనీ బత్తాయి తోటల రైతుల పిల్లలు, బోరు ఎండిన వారం ఒక్కరూ కనబడరు. జమ్మలమడుగు క్లబ్బు చర్చి వెనక పాత బడి గదిలో. నా ప్రాణం తీసేది ఈ మూడోదే.

అక్కడివాళ్లు మొండివాళ్లని కాదు. శ్రద్ధ ఉంది, వేళకు వస్తారు. కష్టమంతా మొదటి పాఠంతోనే. నీ పేరేమిటి? ఏ ఊరు? అన్నదమ్ములు ఎంతమంది? ఇంటికి ఏ బస్సుకు పోతావు, ఎన్ని గంటలకు? ఇంతకంటే అమాయకమైన ప్రశ్నలు ఏ భాషలోనూ ఉండవనుకునేదాన్ని. కానీ అవి ఫ్యాక్షన్ రోజులు. పైగా ఎలక్షన్లు అయిపోయిన ఏడాది, గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ ఇంకా లెక్కలు తేలలేదు. మా వైపు పార్టీ అంటే జెండా మాత్రమే కాదు, ఎవరి ఇంటి ముందర కూర్చుంటావన్నది. ఊరి పేరు చెబితే పార్టీ తెలిసిపోతుంది. పార్టీ తెలిస్తే పగ ఎవరితోనో తెలుస్తుంది. ఆ పైన బస్సూ టైమూ కూడా చెప్పేస్తే, ఇక వాళ్లు దారి కాయడమే తరువాయి. అందుకని అక్కడ ఎవరూ నిజం చెప్పరు.

కుర్చీలు గుండ్రంగా వేయాలని సొసైటీ నియమం. గుండ్రంగా వేస్తే ఎవరో ఒకరి వీపు వాకిలి వైపు ఉంటుంది కదా. ఆ కుర్చీలో కూర్చునే మగవాడు జమ్మలమడుగులో లేడు. నేను గుండ్రంగా వేయిస్తాను, పాఠం మొదలయ్యేసరికి కుర్చీలన్నీ గోడకు చేరి ఉంటాయి. వాకిలికి వీపు పెట్టి కూర్చునేది నిర్మలమ్మక్క ఒక్కతే. రిటైరైన నర్సు, క్లబ్బు నడిపేది ఆమే. "ముసల్దాన్ని, నన్నెవురు నరుకుతారు, నరికితే వాళ్ల కొడవలికే నామర్దా" అని నవ్వుతుంది.

నిజం చెప్పరన్నాను కదా, అబద్ధాలు మాత్రం బ్రహ్మాండంగా చెబుతారు. గది లోపల తెలుగు మాట్లాడకూడదు అన్నది రూలు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ప్రతివాళ్లకూ ఇంకో జీవితం ఉంటుంది. జమీలా ఒక క్లినిక్కులో ఆయా, మొగుడు కువైట్‌లో డ్రైవరు. ఇంగ్లీషులో ఆమె డాక్టరు భార్య, ఇంట్లో నాలుగు కార్లు. అందులో ఒకటి ఎప్పుడూ రిపేరులో ఉంటుంది. ఓబులేసు ఇంగ్లీషులో మద్రాసు మనిషి, బ్యాంకు ఆఫీసరు, సముద్రం పక్కన ఇల్లు. నేను మొదట్లో కోప్పడేదాన్ని. తర్వాత, అబద్ధం ఆడటానికైనా నాలుగు మాటలు కూడబలుక్కుంటున్నారు కదా అని ఊరుకున్నాను. ఓపిక కూడా అయిపోయిందనుకోండి.

ఓబులేసు విషయంలో మాత్రం ఊరుకునే వీలు లేకపోయింది.

ముప్పై దాటని మనిషి, దిట్టంగా ఉంటాడు. లారీ, జీపు, ట్రాక్టరు, ఏది చేతికిచ్చినా నడుపుతాడు. రెండేళ్ల కిందట వాళ్లన్నను సంత నుంచి వస్తుంటే దారి కాసి చంపారు, పక్క ఊరి పార్టీవాళ్లు. అప్పటి నుంచీ వాళ్ల పార్టీ పెద్దలు ఓబులేసు ముఖం చూస్తున్నారు. నోటితో ఎవరూ అడగరు. టీ అంగడి దగ్గర అతను వస్తే మాటలు ఆగిపోతాయి, అంతే. వాళ్లమ్మ మాత్రం, నువ్వు ఎవరినీ చంపొద్దు, నిన్ను ఎవరూ చంపకూడదు, ఎక్కడికైనా వెళ్లిపో అందట. ఈ సంగతులు అతను నిర్మలమ్మక్కకు చెబితే ఆమె నాకు చెప్పింది.

ఒకసారి మద్రాసులో గల్ఫు కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లాడు. డ్రైవరు పని. వాళ్లు ఏ ఊరని అడిగితే "దగ్గరే" అన్నాడట. ఏ జిల్లా అంటే "ఆ వైపు" అన్నాడట. అన్నదమ్ములు ఎంతమంది అంటే "కొందరు" అన్నాడట. ఈ పాస్‌పోర్టు ఇతనిది కాదేమో అని అనుమానపడి బయటికి పంపారు. ఏజెంటు పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకుని, కాళ్లావేళ్లా పడి ఇంకొక్కసారికి ఒప్పించాడు. ఆ ఇంటర్వ్యూకు వారం కూడా లేదు. ఇది పోతే ఇక లేదు. ఊళ్లో ఉంటే ఓబులేసు చంపాలి, లేకపోతే చావాలి. మూడో దారి ఆ కంపెనీవాడి కుర్చీ ముందు కూర్చుని నిజం చెప్పడం.

ఇంటర్వ్యూకు ముందటి ఆదివారం నేను కంపెనీవాడిలా ఎదురుగా కూర్చున్నాను.

"మీది ఏ ఊరు?" అన్నాను ఇంగ్లీషులో. వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడినవి ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను, కొంచెం బిగుసుకున్న తెలుగులో. అవి వినడానికి అలాగే ఉండేవి.

"మద్రాసు."

"సరిగా చెప్పండి. మీది ఏ ఊరు?"

"సముద్రం పక్కన."

నాకు ఒళ్లు మండింది. రూలు గీలు పక్కన పెట్టి తెలుగులోనే అరిచాను. "ఏమయ్యా, కన్నతల్లి ఉన్న ఊరి పేరు చెప్పడానికి ఏం రోగం నీకు? ఆ మనిషి నీ పాస్‌పోర్టు చేతిలో పెట్టుకుని అడుగుతాడు. సముద్రం పక్కన అంటే మెడ పట్టి గెంటుతాడు. నీకోసం ఈ మోకాళ్లతో ఇంత దూరం పడి వస్తున్నాను, అదన్నా చూడవా!"

అతను తల వంచుకున్నాడు. "రోగం కాదు మేడం, నోరు రాదు. చిన్నప్పటి నుంచి మాయమ్మ గూడా నన్ను యాడికి పోతాండావని అడగలేదు. అడిగితే చెప్పాల. చెప్తే పక్కోడు వింటాడు. పోయేటప్పుడు అన్నం తిన్న్యావా అంటాది, అంతే. ఏ బస్సుకు పోతావు, ఎప్పుడొస్తావు అని మా ఇంట్లో ఎవురి నోట్లోనూ రాదు మేడం."

నాకు కోపం దిగిపోయింది, అలసట మిగిలింది. మళ్లీ మొదటి నుంచి అడిగాను. మళ్లీ అడిగాను. గోడ దగ్గరివాళ్లంతా నేల చూస్తున్నారు. జమీలా తల మీద కొంగు సర్దుకుంటూ పెదవులు కదుపుతోంది, అతని బదులు తానే చెప్పేట్టు ఉంది. చివరికి ఓబులేసు నోరు విప్పాడు.

"నా పేరు ఓబులేసు. మా ఊరు..."

చెప్పాడు. ఆ ఊరి పేరు నేనిక్కడ రాయను. నాకూ అంటుకుంది ఆ అలవాటు.

"నాకు ఒక అన్న. ఆయన లేడు. చంపారు."

చెప్పి చెమట తుడుచుకున్నాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, చేతులు రాలేదు. అంతలో వాకిట్లో నీడ పడింది.

ఎవరో కొత్తతను. ఓబులేసు కంటే చిన్నవాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచి. ఇది ఇంగ్లీషు క్లబ్బేనా అని అడిగాడు. గోడ వైపు కుర్చీలన్నీ నిండిపోయాయి. వాకిలికి వీపు పెట్టే కుర్చీ, నిర్మలమ్మక్క పక్కది, అదొక్కటే మిగిలింది. అతను దాని వైపు చూసి, కాసేపు నిలబడి, పక్కకు తిరిగి అంచు మీద కూర్చున్నాడు. బయట సైకిలు పోయినా, కుక్క మొరిగినా వెనక్కి తిరిగి చూస్తున్నాడు. కొత్త కదా, బెరుకు అనుకున్నాను. పేరు సుంకన్న అన్నాడు. ఊరు పులివెందుల అన్నాడు. ఎవరూ నమ్మలేదు, మామూలే.

తర్వాత ఒకరినొకరు ప్రశ్నలు అడిగే వంతు. ప్రశ్నలు నేను బోర్డు మీద రాసి పెట్టాను. సుంకన్న వంతు వచ్చింది. గదంతా ఒకసారి చూసి, ఓబులేసు వైపు తిరిగాడు.

"మీరు ఇంటికి ఏ బస్సుకు వెళతారు? ఎన్ని గంటలకు?"

బోర్డు మీది ప్రశ్నే, నా చేతిరాతే. కానీ ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి, అంతమందిలో ఓబులేసునే ఎంచుకుని, ఆ ప్రశ్నే అడగడం ఏమిటి? నిర్మలమ్మక్క కళ్లు నా వైపు తిరిగాయి. చెప్పొద్దు ఓబులేసూ అని అరవాలనుకున్నాను. ఇంతసేపూ చెప్పు చెప్పు అని ప్రాణం తీసిన నోటితో ఇప్పుడు వద్దని ఎలా అనేది? ఓబులేసు నా ముఖం చూసి, నేను పరీక్ష పెడుతున్నాననుకున్నాడో ఏమో, నిటారుగా కూర్చున్నాడు.

"నేను ఐదున్నర పులివెందుల బస్సుకు వెళతాను."

అందరికంటే ముందు తేరుకున్నది జమీలా. "నేను కూడా ఐదున్నర పులివెందుల బస్సుకు వెళతాను" అంది. ఆమె ఇల్లు చర్చి వెనక సందులో.

"నేను కూడా ఆ బస్సుకే వెళతాను" అంది నిర్మలమ్మక్క. ఆమె బస్సెక్కి ఎన్నాళ్లయిందో. గోడ దగ్గరి నలుగురూ ఒకరి తర్వాత ఒకరు అదే మాట అన్నారు. చివరికి నా వంతు వచ్చింది. ప్రొద్దుటూరు పోయి, మోకాళ్లకు వేడినీళ్లు పెట్టుకుని పడుకోవాలని పొద్దుటి నుంచీ కలగంటున్నాను.

"నేను కూడా ఆ బస్సుకే" అన్నాను.

సుంకన్న అందరికీ థాంక్యూ చెప్పి కూర్చున్నాడు.

క్లబ్బు ముగించి బస్టాండుకు నడిచాం, ఓబులేసును మధ్యలో పెట్టుకుని. "ఎందుకక్కా మీరందరూ" అని అతను గొణిగితే, "నోరు మూసుకోని నడువు" అంది నిర్మలమ్మక్క. బస్సులో ముగ్గురి సీటులో కిటికీ పక్కన ఆమె, నడుమ ఓబులేసు, ఈ చివర నేను. జమీలా, మిగతావాళ్లు ముందూ వెనకా సర్దుకున్నారు. పులివెందులలో మా చెల్లెలు రత్నమణి టీచరు, రాత్రికి అక్కడ పడుకోవచ్చు. మిగతావాళ్లు ఎలా తిరిగొస్తారో ఆలోచించే ఓపిక నాకు లేదు.

సుంకన్న వచ్చాడు. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి లోపలికి చూశాడు. మేమందరం అతన్నే చూస్తున్నాం, ఏ ముఖంలోనూ నవ్వు లేదు. అతను కాలు వెనక్కి తీసుకుని దిగిపోయాడు. పోయి ఎదురుగా స్తంభానికి వీపు ఆనించి, అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాడు.

నిర్మలమ్మక్క "చూసినావా, భయపడినాడు నా కొడుకు" అంది. నాకు మాత్రం ఆ స్తంభం మీద చూపు ఆగిపోయింది. క్లాసులో అంతసేపూ వాకిలి వైపు తిరిగి తిరిగి చూశాడు. ఇప్పుడు స్తంభానికి అంటుకుపోయాడు. చంపడానికి వచ్చినవాడు వీపు దాచుకుంటాడా?

మోకాళ్లను తిట్టుకుంటూ బస్సు దిగాను. "యాడికి పోవాల నాయనా?" అన్నాను.

"ఈడికేలేమ్మా" అన్నాడు ఎటో చూస్తూ.

నేను అదే ఇంగ్లీషులో అడిగాను. అతని ముఖం మారింది. తెలుగులో రాని మాట ఇంగ్లీషులో వచ్చింది.

"పులివెందులకు వెళ్లాలి, మేడం. మా మేనమామ ఇల్లు అక్కడ. అక్కడి క్లబ్బులో చేరదామంటే బోర్లు ఎండి ఎవరూ రావడం లేదు, అందుకే పొద్దున ప్రొద్దుటూరు మీదుగా చుట్టు తిరిగి ఇక్కడికి వచ్చాను. ఇప్పుడు ఈ బస్సు ఒక్కటే ఉంది. దారిలో ఒక స్టాపులో అవతలి పార్టీవాళ్లు బస్సు ఎక్కి, ఒంటరిగా ఉన్న మగవాళ్లను ఏ ఊరు అని అడుగుతారు. నలుగురితో ఉంటే అడగరు. ఆయన బలంగా ఉన్నారు. ఆయనతో వెళదామని అడిగాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గదిలో ఇద్దరు భయస్థులుంటే, ఒకడి చుట్టూ కోట కట్టి రెండోవాడిని బయట నిలబెట్టాం. కండక్టరు విజిల్ వేశాడు. నేను ఎక్కి ఓబులేసుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"నీకు పిచ్చి పట్టిందా దేవకుమారీ" అంది నిర్మలమ్మక్క. "మాటలదేముంది, ఎన్నన్నా చెప్తాడు. పక్కన కూర్చోని కడుపులో పొడిస్తే?"

ప్రాణం ఓబులేసుది, చెప్పడానికి నేనెవరిని? అతను కిటికీలోంచి స్తంభం వైపు చూస్తూ ఉండిపోయాడు. డ్రైవరు గేరు వేశాడు. ఓబులేసు నిర్మలమ్మక్క మీదుగా వంగి, కిటికీలోంచి మూడో పాఠంలోని వాక్యం ఒకటి గట్టిగా చెప్పాడు.

"ఇక్కడ సీటు ఖాళీగా ఉంది. దయచేసి వచ్చి కూర్చోండి."

ఖాళీ ఎక్కడుంది, అది నా సీటు. సుంకన్న పరుగెత్తుకొచ్చి ఎక్కాడు. నేను లేచి కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

ఊరు దాటాక నల్లరేగడి చేలు, పొద్దు వాలుతోంది. తర్వాత ఓబులేసు తనంతట తాను, ఎవరూ అడగకుండా, మొదటి పాఠం అప్పజెప్పాడు. పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు.

సుంకన్న చేయి ముందు సీటు కడ్డీని బిగించి పట్టుకుంది. లేవబోయినట్టు కదిలాడు. నడిచే బస్సులోంచి ఎక్కడికి పోతాడు? తాను భయపడే స్టాపు ఆ ఊరిదే. చివరికి అతనూ ఇంగ్లీషులోనే అన్నాడు.

"నేను పులివెందులలో పెరిగాను. కానీ మా నాయనది వేరే ఊరు."

ఆ ఊరి పేరు చెప్పాడు. నిలబడ్డ నాకు వినబడింది. నిర్మలమ్మక్కకు వినబడింది. ఓబులేసు అన్నను చంపింది ఆ ఊరివాళ్లే.

ఓబులేసు ముఖంలో ఏమీ కనబడలేదు. ముద్దనూరు వచ్చింది, పోయింది. జనం దిగారు, ఎక్కారు. మా వాళ్లెవరూ దిగలేదు. జమీలా కళ్లు మూసుకుని దువా చేసుకుంటోంది. ఇక వచ్చేది ఓబులేసు ఊరి స్టాపు. అక్కడ ఒక్క మాట చెబితే చాలు. ఊళ్లో మొనగాడవుతాడు, రెండేళ్లుగా ఎదురుచూస్తున్న ముఖాలన్నీ వెలుగుతాయి. ఇక మద్రాసూ ఉండదు, ఇంటర్వ్యూ ఉండదు. ఏసయ్యా అనుకున్నాను, అంతకంటే ఏం ప్రార్థించాలో కూడా తోచలేదు.

స్టాపులో బస్సు ఆగింది. టీ అంగడి ముందర మోటారు సైకిళ్లు. ముగ్గురు ఎక్కారు. ముందరున్న మీసాలాయన ఓబులేసుకు మేనమామ వరస.

"ఏం అల్లుడూ, ఇంగా కూర్చోనుండావు, దిగు" అన్నాడు. తర్వాత పక్కకు చూశాడు. "ఈయప్ప ఎవురు? యాడో చూసిన మొగం మాదిరుండాదే."

సుంకన్న తల ఎత్తలేదు. చొక్కా వీపంతా తడిసి కనబడుతోంది.

ఓబులేసు అన్నాడు, "మద్రాసాయన మామా. బ్యాంకు ఆఫీసరు. తెలుగు రాదు. నా ఇంటర్వ్యూకు ఈయన్దే సిఫారసు." అని సుంకన్న వైపు తిరిగి ఇంగ్లీషులో, "మద్రాసులో మీ ఇల్లు ఎక్కడ?" అన్నాడు.

ఓబులేసు మళ్లీ అడిగాడు, నేను అతన్ని అడిగినట్టే, నెమ్మదిగా.

"సముద్రం... సముద్రం పక్కన" అన్నాడు సుంకన్న.

జమీలా వెనక సీటులోంచి వంగి, "మీకు ఎన్ని కార్లు ఉన్నాయి? నాకు నాలుగు కార్లు ఉన్నాయి" అంది ఇంగ్లీషులో, కళ్లలో నీళ్లతో. "ఒకటి ఎప్పుడూ రిపేరులో ఉంటుంది."

"నాకు రెండు ఉన్నాయి" అన్నాడు సుంకన్న. ఈసారి గొంతు నిలబడింది. "రిపేరు చాలా ఖరీదు." వాతావరణం గురించి నిర్మలమ్మక్క ఏదో అడిగింది. నేనూ ఏదో అన్నాను. బస్సులో జనమంతా నోళ్లు తెరుచుకుని వింటున్నారు. నా ముప్పయ్యేళ్ల సర్వీసులో అంత మంచి ఇంగ్లీషు క్లాసు జరగలేదు.

మీసాలాయన కాసేపు చూశాడు. ముఖం కొంచెం సడలింది. "శానా దూరం పోయినావే అల్లుడూ ఇంగ్లీషులో" అన్నాడు. "సరే, దిగు, పొద్దు పోతాంది."

"దిగను మామా. ఈయనతో ఇట్లే మద్రాసుకు పోతాండా."

"అమ్మకు చెప్పినావా?"

"లేదు."

"ఎప్పుడొస్తావు?"

ఆ ప్రశ్న అడగకూడదని ఆయనకూ తెలుసు, నోరు జారినట్టుంది. ఓబులేసు ఆయన ముఖంలోకి చూసి, "తెలీదు మామా" అన్నాడు.

ఆయన అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, తీసి, దిగిపోయాడు. బస్సు కదిలింది. ఓబులేసు కిటికీలోంచి తన ఊరి వైపు చూడలేదు. శత్రువుల ఊరివాడిని పక్కన కూర్చోబెట్టుకుని దాటించాడని ఎప్పటికైనా తెలిస్తే, సొంత పార్టీవాళ్లే అతన్ని బతకనివ్వరు. ఆ సంగతి మాకంటే అతనికి బాగా తెలుసు. కట్టుబట్టలతో, తల్లి ముఖం చూడకుండా, ఆ ఊరు అతనికి అక్కడితో అయిపోయింది.

పులివెందులలో దిగాక ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. థాంక్యూ అన్నాడు ఒకడు. వెల్‌కమ్ అన్నాడు ఇంకొకడు. రెండో పాఠం. ఇంకే మాటా లేదు.

ఓబులేసు మద్రాసులో ఇంటర్వ్యూ గట్టెక్కాడు. ఊరు అడిగితే ఊరు చెప్పాడట. అన్నదమ్ములు అడిగితే ఒక అన్న, చంపారు అన్నాడట. ఆ కంపెనీ మనిషి ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టాడట. విమానం ఎక్కేదాకా మా చర్చివాళ్ల హాస్టల్లోనే ఉన్నాడు. సుంకన్న ఇప్పుడు మేనమామ కొడుకుని తోడు తీసుకుని ప్రతి ఆదివారం ప్రొద్దుటూరు మీదుగానే వచ్చి వేళ ఉండగానే పోతాడు, ఓబులేసు కూర్చునే గోడ పక్క కుర్చీలో కూర్చుంటాడు.

మిగిలింది ఓబులేసు తల్లి గంగులమ్మకు చెప్పడం. ఫోను ఆ మామ ఇంట్లో ఉంది, చేస్తే పదిమంది వింటారు. మనిషే పోవాలి. ఎవరు పోతారు? నేనే. మళ్లీ బస్సు, మళ్లీ మోకాళ్లు.

గంగులమ్మ సన్నగా, నల్లగా ఉంది. వాకిట్లో అరుగు మీద కూర్చున్నవాళ్లు నన్ను ఎగాదిగా చూశారు. ఆమె నన్నేమీ అడగలేదు. చెంబుతో నీళ్లిచ్చి, పెరట్లోకి తీసుకుపోయి, గొడ్లపాక పక్కన మంచం వాల్చి, తలుపు గడియ పెట్టి వచ్చింది. కింద కూర్చుని నేల మీది గడ్డిపోచ ఒకటి తీసి విరుస్తూ ఉండిపోయింది.

"విమానం ఎక్కినాడమ్మా. చేరినాడు. బాగుండాడు" అన్నాను మెల్లగా.

ఆమె తల ఊపింది. అన్నం తిన్నాడా అని అడుగుతుందనుకున్నాను.

"మేడం, ఇప్పుడు అడగొచ్చా?" అంది.

"అడుగమ్మా."

"ఏ ఊరు?"

చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. నోట్లో తిప్పుకుంది, పేరు తిరగలేదు, మళ్లీ చెప్పించుకుంది. తర్వాత ఇక ఆగలేదు. "యాడుంటాడు? పక్కన ఎవురుంటారు? పనికి ఏ బస్సుకు పోతాడు? ఎన్ని గంటలకు పోతాడు? మల్లా ఎన్ని గంటలకు ఇంటికొస్తాడు? ఒక్కడే వస్తాడా? ఏ దోవన వస్తాడు?" పుట్టిన్నాటి నుంచి కొడుకుని అడగనివన్నీ అడుగుతోంది, కళ్ల నీళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి. నాకు తెలిసినవన్నీ ఒక్కొక్కటే చెప్పాను, అలవాటు కొద్దీ గొంతు తగ్గించి.

ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"గట్టిగా చెప్పండి మేడం" అంది. "ఇంగ ఎవురు విన్నా ఏం?"